రడ్డర్ (చుక్కాని) ముందు అంచు పగిలింది, లోపల నీళ్లు చేరాయి. ఎలా బాగుచేయాలి?

సాగర్‌గాలి:
హుస్సేన్‌సాగర్‌లో నడిపే లేజర్ బోటు, అంటే ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ. రడ్డర్ బ్లేడుకి ముందు అంచున, పివట్ బోల్టుకి జానెడు కింద 15 సెం.మీ. పగులు. బ్లేడు వంచితే అందులోంచి గోధుమరంగు నీళ్లు చుక్కలుగా కారుతున్నాయి. రూపాయి బిళ్లతో తడితే పగులు చుట్టూ అరచెయ్యంత మేర డొల్ల చప్పుడు. ఎంసీల్ పెట్టి మూసేస్తే ఆగుతుందా? ఇంట్లో పాలిస్టర్ రెసిన్ ఉంది, అది పనికొస్తుందా? జూలై రేసులకి సిద్ధం కావాలి.

లంగరు:
అన్నా, ఎంసీల్ వద్దు. తడిని లోపలే బంధించినట్టవుతుంది. ఎండలో బ్లేడు వేడెక్కితే ఆ తడి ఆవిరై, బ్లేడు లోపలి ఫోమ్ మీదున్న ఫైబర్‌గ్లాస్ పొరను ఇంకా లేపుతుంది. డొల్ల చప్పుడు వచ్చేది అందుకే.

ముందు మంచినీళ్లతో కడగండి. కింది కొసన 5 మి.మీ. రంధ్రాలు రెండు వేసి, నీడలో ఫ్యాన్ కింద నిలువుగా వేలాడదీయండి. రోజూ ఒకే వేళకి తూకం వేసి రాసుకోండి. వరసగా మూడు రోజులు బరువు తగ్గకపోతేనే ఆరినట్టు. పైన తడిమి చూసి ఆరిందనుకోవద్దు. హీట్ గన్ మాత్రం పెట్టకండి, ఫోమ్ కుంగిపోతుంది.

బోటుషెడ్:
పాలిస్టర్ పక్కన పెట్టండి. పాత లామినేట్ (ఫైబర్‌గ్లాస్ పొర) మీద ఎపాక్సీ పట్టినంత గట్టిగా అది పట్టదు. ఎపాక్సీలో ఎల్‌వై 556 రెసిన్, దాన్ని గట్టిపరిచే హెచ్‌వై 951 హార్డెనర్ తీసుకోండి. తూకంలో 100కి 10. అంటే 50 గ్రాములకి 5 గ్రాములు. వంటింటి త్రాసు గ్రాము అటూ ఇటూ చూపిస్తే హార్డెనర్ ఐదోవంతు తేడా వచ్చినట్టే, కాబట్టి 0.1 గ్రాము చూపేది వాడండి. తొందరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ పోస్తే జిగురుగానే మిగిలిపోతుంది.

డొల్ల ఉన్న చోట 3 సెం.మీ.కి ఒకటి చొప్పున 3 మి.మీ. రంధ్రాలు, పై పొర వరకే. ఈ రెసిన్ చిక్కన, అందుకని డబ్బాను కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచి, తర్వాత హార్డెనర్ కలిపి సిరంజితో ఎక్కించండి. పక్క రంధ్రంలోంచి పొంగి రావాలి. పైన పాలిథీన్, దానిమీద చెక్క పెట్టి క్లాంప్ బిగించండి. వేడి రెసిన్ గిన్నెలో ఉంటే పొగలు కక్కుతూ గడ్డకడుతుంది, వెడల్పు పళ్లెంలో పోసుకోండి.

మర్నాడు పగుల్ని వీ ఆకారంలో తవ్వండి. పొర మందం 1.5 మి.మీ. అనుకుంటే అటూ ఇటూ 18 మి.మీ., అంటే 12 రెట్లు, 80 నంబరు గరుకు కాగితంతో వాలుగా అరగదీయండి. అసిటోన్‌తో తుడిచి, వీ గాడిలో ఏరోసిల్ (రెసిన్‌ని చిక్కబరిచే మెత్తటి సిలికా పొడి) కలిపిన ఎపాక్సీ నింపండి. గడ్డపెరుగులా నిలబడాలి. అది తడిగా ఉండగానే చదరపు మీటరుకి 200 గ్రాములుండే గ్లాస్ క్లాత్ (గాజునార బట్ట) ఆరు పొరలు, ఒకదానికంటే ఒకటి వెడల్పుగా వేయండి. పొర సుమారు పావు మి.మీ. వస్తుంది కాబట్టి ఆరుతో మందం సరిపోతుంది. టైలర్లు క్రాస్ కట్ చేసినట్టు ఏటవాలుగా కోస్తే అంచు చుట్టూ ముడతల్లేకుండా వంగుతుంది. తెల్లగా కనిపించిన చోటల్లా గాలి ఉన్నట్టే, బ్రష్‌తో గుచ్చి తీసేయండి.

సాగర్‌గాలి:
ధన్యవాదాలన్నా. పైన జెల్‌కోట్ (బోట్లకి వేసే నున్నటి రంగు రెసిన్ పూత) వేయాలా?

బోటుషెడ్:
వద్దు, ఎపాక్సీ మీద పాలిస్టర్ జెల్‌కోట్ సరిగా పట్టదు. రెండు భాగాల పాలీయురెథేన్ పెయింట్ వేయండి. పెయింట్ లేకపోతే ఎపాక్సీని ఎండ తినేస్తుంది. వానాకాలంలో గట్టిపడ్డ ఎపాక్సీ మీద జిడ్డులాంటి పొర తేలుతుంది. ముందు నీళ్లతో, స్కాచ్‌బ్రైట్‌తో కడిగి, తర్వాతే కాగితం పట్టండి. లేదంటే ఆ జిడ్డునే లోపలికి రుద్దినట్టవుతుంది, పెయింట్ పెచ్చులుగా లేస్తుంది. నీళ్లలో దింపేముందు వారం ఆగండి.

ఇంకోటి, రేసుల్లో వాడతారు కాబట్టి బ్లేడు ఆకారం మారకూడదు. పగలని మరో బ్లేడు ముందు అంచు మీద అట్టముక్క ఆనించి గీసి, కత్తిరించి, దాంతో సరిచూసుకుంటూ అరగదీయండి.

తెరచాప76:
పివట్ బోల్టు రంధ్రం కూడా చూడండి. చాలాసార్లు నీళ్లు అక్కడినుంచే దిగుతాయి. బోల్టు 8 మి.మీ. అయితే 12 మి.మీ.కి వెడల్పు చేసి, ఏరోసిల్ కలిపిన ఎపాక్సీతో పూర్తిగా నింపి, గట్టిపడ్డాక మళ్లీ 8 మి.మీ. డ్రిల్ చేయండి. అప్పుడు బోల్టు చుట్టూ ఎపాక్సీ గోడే ఉంటుంది, ఫోమ్‌కి తడి తగలదు. ఆరబెట్టడానికి వేసిన ఆ కింది రంధ్రాలు కూడా అదే ముద్దతో మూసేయండి, మర్చిపోతుంటారు.