కప్పను కోయకుండా జువాలజీ వస్తుందా?

వాల్తేరు లెక్చరర్:

విశాఖలో ఒక డిగ్రీ కాలేజీలో పదకొండేళ్ళుగా జువాలజీ చెబుతున్నాను. సకశేరుకాల (వెన్నెముక ఉన్న జంతువుల) పేపర్ నాదే. పోయిన వారం ప్రాక్టికల్ క్లాసులో జరిగింది మనసులోంచి పోవడం లేదు.

చేప గుండె బొమ్మ వేయమన్నాను. దాదాపు అందరూ చక్కగా వేశారు. సిరాసరణి, కర్ణిక, జఠరిక, ముందు ధమనీ మూలం, ఒక్క పేరు కూడా తప్పు పోలేదు. చాలా సంతోషం వేసింది. మర్నాడు ఫిషింగ్ హార్బర్ నుంచి నాలుగు కానగుర్త చేపలు తెచ్చి, ఒకదాని పొట్ట, మొప్పల కింది భాగం కోసి ట్రేలో పెట్టి "గుండె ఏది?" అని అడిగాను. ఒకరు కాలేయం చూపించారు. ఇంకొకరు గాలి తిత్తి. ముందు రోజు అందరికన్నా బాగా బొమ్మ వేసిన అమ్మాయి చాలాసేపు చూసి, "ఇందులో నీలం రంగు ఎక్కడా లేదు సార్" అంది. పుస్తకంలో చెడు రక్తానికి నీలం రంగు వేస్తారు కదా, ఆ పిల్ల దాని కోసం వెతుకుతోంది.

డిసెక్షన్లు, అంటే ల్యాబ్‌లో జంతువుల్ని కోయడం, క్రమంగా తగ్గించమని యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2011లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2014లో పూర్తిగా ఆపేయమంది. అప్పుడు నేను సంతోషించాను. ఇప్పుడు అనుమానం పట్టుకుంది. కోత మానేసి మనం కప్పల్ని కాపాడామా, లేక చదువునే పోగొట్టామా? మళ్ళీ తేవాలంటారా? దయచేసి అనుభవంతో చెప్పండి.

పాత ల్యాబ్ కోటు:

తేవాలి. నాకు సందేహమే లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు చెప్పి రిటైరయ్యాను.

మా రోజుల్లో డిగ్రీ రెండో ఏడాది అంటే సొర చేప. స్కోలియోడాన్ అనే సొర తల తీసుకుని కపాల నాడులు, అంటే మెదడు నుంచి వచ్చే నాడులు, బయటికి తీయాలి. మృదులాస్థిని బ్లేడుతో పొరలు పొరలుగా చెక్కుకుంటూ పోవాలి. ఒక్క పొర ఎక్కువ చెక్కితే నాడి తెగిపోతుంది, అంతే, ఆ రోజు పని వృథా. మూడు గంటలు వంగి కూర్చునేవాళ్ళం. ఐదో నాడి కొమ్మలు ఎటు పోతాయో ఈ వేళ్ళు మరిచిపోలేదు, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కంప్యూటర్‌లో మౌస్ నొక్కితే పొర దానంతటదే తొలగిపోతుంది. అందులో తెగిపోతుందన్న భయం లేదు. భయం లేనిచోట జాగ్రత్త రాదు, జాగ్రత్త లేనివాడికి పరిశోధన రాదు.

కప్ప గుండె ఇంకొక సంగతి. పిథింగ్ చేసి, అంటే సూది దించి మెదడు, వెన్నుపాము పనిచేయకుండా చేసి, ఛాతీ తెరిస్తే గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. సిరాసరణి ముందు ముడుచుకుంటుంది, తర్వాత కర్ణికలు, ఆ తర్వాత జఠరిక. ఆ వరస కళ్ళతో చూసినవాడికి గుండెలోనే ఉండి కొట్టుకోవడం మొదలుపెట్టే పేస్‌మేకర్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

సిరిపురం సుమ:

గురువుగారూ, మీ మీద గౌరవంతోనే రాస్తున్నాను. ఆ కొట్టుకునే గుండె నేనూ చూశాను. చూసి జువాలజీ వదిలేశాను.

1998లో, డిగ్రీ మొదటి ఏడాది. కాలేజీ పేరు చెప్పను. వానాకాలంలో పొలాల నుంచి గోనెసంచిలో కప్పలు వచ్చేవి. ఒక్కో బల్లకి ఒకటి. మా డెమాన్‌స్ట్రేటర్ గారు హడావిడిలో సూది సరిగా దించలేదో ఏమో, నేను పొట్ట కోస్తుండగా మా కప్ప కాళ్ళు లాక్కుంది. మైనం ట్రేకి నాలుగు గుండుసూదులు గుచ్చి ఉన్నాయి కదా, ఒక సూది ఊడి వచ్చింది. నేను కెవ్వుమన్నాను. "రిఫ్లెక్స్ అమ్మా, కానీ" అన్నారు. అది రిఫ్లెక్సో నొప్పో నాకు ఈరోజుకీ తెలియదు. ఆ రోజు నేను నేర్చుకున్నది ఏమీ లేదు. వాంతి చేసుకున్నాను. తర్వాతి ఏడాది బీకాంలో చేరాను.

మీ వేళ్ళు నేర్చుకున్నాయి, నిజమే. మీ పక్క బల్ల మీద నేర్చుకోకుండా వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమంది? వాళ్ళు లెక్చరర్లు కాలేదు కాబట్టి ఈ చర్చల్లో కనబడరు. జంతువంటే ప్రేమతో వచ్చిన పిల్లల్నే ఆ ల్యాబ్ బయటికి తరిమింది.

పైగా అవి పెంచిన కప్పలు కావు, పొలంలోవి. 1987లో కప్ప కాళ్ళ ఎగుమతిని ప్రభుత్వం ఎందుకు ఆపింది? పురుగుల్ని తినే కప్పలు పొలాల్లో తగ్గిపోతున్నాయనే కదా. కాళ్ళ కోసం పడితే తప్పు, మార్కుల కోసం పడితే ఒప్పా?

కేజీహెచ్ వార్డు నుంచి:

మెడిసిన్‌లో ఇప్పటికీ శవాన్ని కోస్తున్నాం కదా, జువాలజీకి మాత్రం ఎందుకు అడ్డు అని ఎవరో ఒకరు అంటారు, అందుకే ముందే చెబుతున్నా. మా దగ్గరికి వచ్చిన దేహాలు చాలావరకు దానం చేసినవి. మొదటి రోజు వాటి ముందు నిలబడి దండం పెట్టి ప్రమాణం చేస్తాం. ఆ మనిషి బతికుండగా ఒప్పుకుని సంతకం పెట్టాడు. కప్పని ఎవరూ అడగలేదు. రెండూ ఒకటి కావు.

ఎంవీపీ కాలనీ నాన్న:

అసలు ప్రశ్న వేరే అనిపిస్తోంది. మా పాప నీట్‌లో సీటు రాక జువాలజీ మేజర్‌లో చేరింది. 2023 నుంచి డిగ్రీలో సింగిల్ మేజర్, అంటే ఒక్కటే ప్రధాన సబ్జెక్టు అన్నారు. కోసినా కోయకపోయినా చివరికి డీఎస్సీ రాసి స్కూల్ టీచర్ అవ్వాలి, లేదా నెట్ రాసి పీహెచ్‌డీకి పోవాలి. ఈ గుండె ఎక్కడుందో తెలిసినందుకు ఉద్యోగం వస్తుందా? మాకు ఇంట్లో ఆ టెన్షనే.

వాల్తేరు లెక్చరర్:

అన్నయ్యా, మీ టెన్షన్ నాకు తెలుసు. నేనూ ఆ దారినే వచ్చాను. నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకి 37,000 ఇస్తున్నారు, రానివాళ్ళ సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. నేను ఏడేళ్ళు గెస్ట్ లెక్చరర్‌గా పనిచేశాను. చేప గుడ్ల మీద నా పీహెచ్‌డీ పూర్తయ్యాక మైక్రోస్కోప్ ముట్టుకోవడానికి ఖాళీ దొరకలేదు. ఒకప్పుడు పరిశోధన వదిలి పాఠాల్లో పడ్డానని బాధపడేవాణ్ణి. ఇప్పుడు ఆ బాధ లేదు.

కానీ మీ పాప రేపు టీచరైతే ఎనిమిదో తరగతి పిల్లాడు చేప తెచ్చి "టీచర్, ఇదేంటి?" అంటాడు. అప్పుడు ఆమె ఏం చెబుతుంది? నా భయమంతా అదే. నేను తెలియనిది చెప్పి పంపిస్తే, ఆ తెలియనితనం ఆమె వెంట ముప్పై ఏళ్ళు బడికి పోతుంది.

పెదజాలరిపేట:

నేను ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. మాది వేట కుటుంబం. ఇంతసేపు చదివి ఆగలేక రాస్తున్నాను, కోపం వస్తే క్షమించండి.

కత్తి ఆగిపోయిందని ఎవరన్నారు? మా అమ్మ పొద్దున్నే హార్బర్‌లో కూర్చుని మధ్యాహ్నం లోపు బుట్టలకొద్దీ చేప కోస్తుంది. సొర, టేకు, గొరక, వంజరం, పాము చేప, ఏది వస్తే అది. గుండె, కాలేయం, గాలి తిత్తి, గుడ్ల సంచి అన్నీ ఆమె కాళ్ళ దగ్గర కుప్పగా పడి ఉంటాయి, కాకులు తింటాయి. విశాఖలో ఇన్ని కాలేజీలు ఉన్నాయి కదా, ఒక్క క్లాసు కూడా వచ్చి ఆ కుప్ప చూడలేదు. కొత్తగా ఒక్క ప్రాణం కూడా తీయక్కర్లేదు సార్. అవి ఎలాగూ కూరకి పోయేవే.

నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు అమ్మ ఒక చిన్న పాల సొర కోసింది. లోపల పిల్లలు. ఒక్కోదానికి సన్నటి తాడు, తల్లి కడుపుకి అతుక్కుని. "బొడ్డు తాడురా, మనకున్నట్టే" అంది అమ్మ. నేను నమ్మలేదు. చేప గుడ్లు పెడుతుందని బడిలో చెప్పారు కదా. డిగ్రీకి వచ్చాక స్కోలియోడాన్ పాఠంలో జరాయువు (మాయ) గురించి చదివి పరిగెత్తుకుంటూ ఇంటికి వెళ్ళాను. బడికి పోని మా అమ్మకి అది ముందే తెలుసు.

ఇంకొక మాట. మీరందరూ రాస్ట్రెల్లిజర్ కనగుర్త అని లాటిన్‌లా చదువుతారు. అది మన కానగుర్తే. పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు 1780ల్లో ఇక్కడ ఉండి, మన రేవులో దొరికిన 200 చేపలకి బొమ్మలు వేయించి, వాటి పక్కన ఇక్కడివాళ్ళు పిలిచే పేర్లే రాసుకున్నాడు. 1803లో ఆ పుస్తకం లండన్‌లో వచ్చింది. ఆ తర్వాత ఫ్రాన్స్‌లో కువియే అనే జంతుశాస్త్రవేత్త అందులోని మన పేరునే శాస్త్రీయ నామంగా పెట్టాడు. పాముల మీద 1796లో వేసిన పుస్తకంలో రక్తపింజరిని 'కాటుక రేకుల పొడ' అని రాశాడు. ఇప్పుడు ప్రపంచమంతా ఆ పాముని రస్సెల్ పేరుతో పిలుస్తోంది. ఆయన ల్యాబ్ కూడా ఈ రేవే. చేపలోళ్ళని అడిగి నేర్చుకున్నాడు. మనకేమో బుట్ట దగ్గర కూర్చోడానికి నామోషీ.

పాత ల్యాబ్ కోటు:

బాబూ, నీ కోపం న్యాయమైనదే. మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు. పాల సొర పిల్ల బొడ్డు తాడుని నేను ఫార్మలిన్ సీసాలోనే చూశాను, తాజాగా ఎప్పుడూ చూడలేదు.

సుమ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా ల్యాబ్‌లోనూ అలా కాళ్ళు లాక్కున్న కప్పలున్నాయి. మేమూ "రిఫ్లెక్స్" అనే అన్నాం. మీరు అడిగేదాకా పక్క బల్ల సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. కప్ప విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ బజారు చేపతో అన్నీ రావు. గుండె కొట్టుకునే వరస చచ్చిన చేపలో కనిపించదు. ఐసులో పెట్టిన చేపలో నాడులు మెత్తబడిపోతాయి. నిర్మాణం వస్తుంది, పని తీరు రాదు. దానికి ఏం చేస్తారు?

పెదజాలరిపేట:

దానికి వీడియో చూపించండి సార్. జీబ్రా చేప పిల్లలు అద్దంలా ఉంటాయి, బతికుండగానే మైక్రోస్కోప్ కింద గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. కోయక్కర్లేదు. వీడియోకి నేను వ్యతిరేకం కాదు. వీడియో ఒక్కటే చాలనడానికి వ్యతిరేకం.

జోడుగుళ్లపాలెం:

ఒక హెచ్చరిక. మన తీరానికి చలికాలంలో చచ్చిన సముద్రపు తాబేళ్ళు కొట్టుకొస్తాయి. కాలేజీకి తీసుకెళ్ళి చూద్దామని ఎవరూ అనుకోవద్దు. చచ్చినా సరే అది వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్న జీవి. అటవీ శాఖకి కబురు చేయాలి, పోస్ట్‌మార్టం వాళ్ళ డాక్టర్లు చేస్తారు.

పోయిన ఏడాది అలా ఒకటి పడి ఉంటే డిగ్రీ పిల్లలు కొందరు ఫోటోలు తీసుకుంటున్నారు. "నీళ్ళలో ఉండేది మునిగి ఎలా చచ్చిపోతుందండీ, మొప్పలు లేవా?" అని ఒకబ్బాయి అడిగాడు. జువాలజీ పిల్లాడట. దానికి ఊపిరితిత్తులే ఉంటాయి, గాలి కోసం పైకి రావాలి, వలలో చిక్కుకుని రాలేకపోతే ఊపిరాడక చచ్చిపోతుంది అని చెప్పాను. ఆ అబ్బాయి ఫోన్ జేబులో పెట్టేశాడు. తర్వాత చాలాసేపు అక్కడే కూర్చున్నాడు.

సిరిపురం సుమ:

పెదజాలరిపేట తమ్ముడూ, 1998లో నువ్వు చెప్పినట్టు ఎవరైనా నన్ను హార్బర్‌కి తీసుకెళ్ళి ఉంటే నేను జువాలజీలోనే ఉండేదాన్నేమో. ఒక్క షరతు మాత్రం పెట్టండి సార్. చూడలేనన్న పిల్లకి మార్కులు తీయకండి. బయట నిలబడనివ్వండి. రెండోసారి దానంతట అదే వస్తుంది.

వాల్తేరు లెక్చరర్:

ఆ షరతుకి ఒప్పుకుంటున్నాను సుమ గారూ. కప్ప సంగతి నా మనసులో తేలిపోయింది, తిరిగి అడగను. ఈ రోజు ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం రాసి ఇచ్చాను. ల్యాబ్‌లో డిసెక్షన్ కాదు, కూరకి కోసే చేపని హార్బర్‌లో చూసి, రాసుకుని రావడం అని స్పష్టంగా రాశాను. శనివారం వెళ్ళడానికి మౌఖికంగా సరేనన్నారు, కాగితం రావాలి. తమ్ముడూ, ఎన్నింటికి రావాలి? ముప్పై మందిమి. మీ అమ్మగారి పనికి అడ్డం కాకూడదు.

పెదజాలరిపేట:

ఐదున్నరకి గేటు దగ్గర ఉండండి సార్. వేలం అయ్యేదాకా అమ్మతో మాట్లాడలేం, ఏడు తర్వాత కూర్చోవచ్చు. ముప్పై మంది ఒకేసారి వద్దు, పది పది మంది రండి, మిగతావాళ్ళకి నేను బోట్ల దగ్గర వలలు చూపిస్తాను. చెప్పులు జారతాయి, బూట్లు వేసుకోమనండి. గ్లోవ్స్ తెచ్చుకోండి, సొర చర్మం గరుకు కాగితంలా ఉంటుంది, చెయ్యి గీసుకుపోతుంది. కానగుర్త నోరు తెరిచి చూడమనండి, మొప్పల లోపల ఈకల్లాంటి దువ్వెన ఉంటుంది, చిన్న చిన్న జీవుల్ని దాంతోనే వడకడుతుంది. గొరక తలలో చెవి రాళ్ళు ఉంటాయి, అమ్మ తీసి ఇస్తుంది, పిల్లలు ఇంటికి తీసుకెళ్ళొచ్చు.

కాగితం మాత్రం తొందరగా తెచ్చుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడు వస్తే ఖాళీ బోట్లే ఉంటాయి. అమ్మ ఒకటే అడిగింది, కోసిన చేప చివరికి ఎవరో ఒకరు కొనాలట.

పాత ల్యాబ్ కోటు:

కొనేది నేను. నన్నూ ఒక పదిమంది జట్టులో కలపండి.