మంచినీటి చేపల గురించి జనానికి చెప్పడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ఏటిగట్టు:
మాది చిన్న వాలంటీర్ గ్రూపు. నది పక్కన ఉండేవాళ్ళకి మంచినీటి చేపల మీద అవగాహన కల్పించాలని బయల్దేరాం. ప్రతి మీటింగులోనూ ఇదే వరస. ప్రొజెక్టర్ పెట్టి, లోకంలోని చేపజాతుల్లో సగం దాకా మంచినీటివేననీ, వాటిలో దాదాపు నాలుగో వంతు అంతరించే ప్రమాదంలో ఉన్నాయనీ చెబుతాం. అందరూ తలూపుతారు. వెళ్ళేటప్పుడు ఎవరో ఒకరు "ఇంతకీ మమ్మల్ని చేపలు పట్టొద్దంటారా?" అంటారు. ఏం చెప్పాలో తెలియక నీళ్ళు నములుతాం. ఇప్పుడు బడి పిల్లలకి ఒక సెషన్, చేపలు పట్టేవాళ్ళకి ఒక సెషన్ చేయాలి. చేపపిల్లల్ని తెచ్చి నదిలో వదిలే కార్యక్రమం పెడితే ఫొటోలు బాగా వస్తాయని మాలో ఒకరి పట్టు. ఇలాంటివి చేసినవాళ్ళుంటే చెప్పండి.

పాతవల:
ముందు ఆ ప్రొజెక్టర్ ఇంట్లో పెట్టేయండి. నేను చేపలు పట్టేవాళ్ళకి శిక్షణ ఇచ్చే పనిలో చాలాకాలం ఉన్నాను. పాతికేళ్ళుగా వల వేస్తున్న మనిషికి చేపలు తగ్గాయని మీరు స్లైడు వేసి చెప్పక్కర్లేదు, రోజూ వల ఎత్తుతూ చూస్తూనే ఉన్నాడు. మీరే అడగండి: మీ నాన్న పట్టిన చేపల్లో ఇప్పుడు కనబడనివి ఏవి? చివరిసారి ఏ మడుగులో చూశారు? ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటారు, వాదన పెరుగుతుంది. పెరగనివ్వండి. మీ పాఠం అక్కడే మొదలవుతుంది.

బ్రెజిల్‌లో మామిరావా అనే అడవి ప్రాంతంలో ఇలాంటిదే జరిగింది. అక్కడి అరపైమా మూడు మీటర్ల దాకా పెరిగే చేప. గాలి పీల్చడానికి పైకి రాక తప్పదు. అలా పైకి వచ్చినప్పుడు చూసి, అది ఎంత పెద్దదో, ఎన్ని ఉన్నాయో అక్కడి జాలర్లు లెక్కగడతారు. శాస్త్రవేత్తలు వేరే పద్ధతిలో సరిచూస్తే ఆ లెక్కలు నమ్మదగినవేనని తేలింది. ఏటా లెక్క తీసి, పెద్ద చేపల్లో 30 శాతానికి మించకుండా పట్టుకునే అనుమతి ఇచ్చారు. చేప మళ్ళీ బాగా పెరిగింది. ఎన్ని పట్టాలో తేల్చే లెక్క తాము తీసిందే కాబట్టి జాలర్లకి దాని మీద నమ్మకం ఉంది.

ఇక "పట్టొద్దంటారా" అన్నదానికి జవాబు: పట్టండి, కానీ ఎప్పుడు, ఎక్కడ, ఎంత చేపని అన్నది మనం కూర్చుని మాట్లాడుకుందాం. కొర్రమీను సంగతే తీసుకోండి. ఎర్రటి పిల్లల గుంపు నీటి పైన కదులుతుంటే కింద తండ్రి చేప కాపలా ఉంటుంది. దగ్గరికొచ్చిన దేన్నైనా కొడుతుంది కాబట్టి గాలానికి తేలిగ్గా దొరుకుతుంది. దాన్ని తీసేస్తే పిల్లల గుంపంతా మిగతా చేపల పాలు. ఇది తెలియని జాలరి ఉండడు. అయినా "నేను వదిలితే పక్కవాడు పట్టుకుపోతాడు" అనుకుంటాడు. అందుకే ఒక్కొక్కరికీ నీతి చెప్తే పని జరగదు. అందరూ కలిసి పెట్టుకున్న కట్టుబాటు కావాలి. దోమతెరతో పట్టడం, నీటిలో విషమందు కలపడం, కరెంటు పెట్టడం గురించి కూడా ఆ కూర్చున్నప్పుడే మాట్లాడండి. విడిగా చెబితే ఎవరినో వేలెత్తి చూపినట్టు ఉంటుంది.

బల్లపలక:
పిల్లల సెషన్ గురించి నేను చెబుతాను, నేను సైన్సు టీచర్ని. క్లాసులో చార్టు వద్దు, నీటి దగ్గరికి తీసుకెళ్ళండి. లోతు లేని చోట, పెద్దవాళ్ళ తోడుతో. ఒక రాయి తిప్పి చూపించండి. మేఫ్లై అనే ఎగిరే పురుగు పిల్లలు కనిపిస్తాయి, తోకలు పొడుగ్గా ఉంటాయి, పొట్ట పక్కన మొప్పలు ఆడుతుంటాయి. మురికి పెరిగితే మొదట మాయమయ్యేవాటిలో అవీ ఉంటాయి. చూశాక రాయిని ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టించండి, దాని కింద గుడ్లు ఉండొచ్చు.

థర్మామీటర్ ఒకటి పట్టుకెళ్ళండి. చెట్టు నీడలో ఒకసారి, ఎండలో ఒకసారి కొలిపించండి. 10 డిగ్రీల నీటిలో లీటరుకి 11 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకి అది ఏడున్నరకి పడిపోతుంది. గట్టు మీద చెట్టు కొడితే చేపకేమవుతుందని అప్పుడు అడిగితే జవాబు వాళ్ళే చెబుతారు.

చేపపిల్లల్ని నదిలో వదిలే కార్యక్రమం మాత్రం నాకు నచ్చింది. పిల్లలు సరదాపడతారు కదా.

గాజుతొట్టి:
టీచర్ గారూ, ఆ ఒక్కటి వద్దండి. నేను ఇంట్లో చేపలు పెంచుతాను కాబట్టి చెబుతున్నా. ఎక్కడివో తెలియని చేపపిల్లల్ని తెచ్చి వదిలితే రోగాలూ వాటితోపాటే వస్తాయి. దోమల్ని తింటుందని ప్రపంచమంతా వదిలిన గాంబూసియా స్థానిక చేపల గుడ్లనీ పిల్లల్నీ తిని, రెక్కలు కొరికి, ఇప్పుడు అతి చెడ్డ చొరబాటు జాతుల జాబితాలో ఉంది. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో నైల్ పెర్చ్ అనే పెద్ద వేటచేపని వదిలాక అక్కడ తప్ప ఇంకెక్కడా లేని చిన్న చేపజాతులు ఎన్నో పోయాయి. పిల్లలు ఈరోజు సరదాగా చేపని వదిలితే, రేపు తొట్టిలో పెద్దదైపోయిన సక్కర్ ఫిష్‌ని కూడా అదే నదిలో వదులుతారు, పుణ్యం అనుకుంటూ. వదలాలనే ముచ్చట ఉంటే, వలలో పడ్డ చిన్న చేపని తడి చేత్తో పట్టుకుని వెంటనే నీళ్ళలో వదలడం నేర్పండి. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోతుంది.

ఏటిగట్టు:
వదిలే కార్యక్రమం మానేస్తున్నాం. ఆ ఫొటోల సంగతి మావాడికి నేను చెప్పుకుంటాను. పాతవల గారూ, కట్టుబాటు అన్నారు కదా, నది మొత్తానికి ఎలా కుదురుతుంది?

పాతవల:
మొత్తానికి కుదరదు, అడగొద్దు కూడా. ఒక్క మడుగుతో మొదలుపెట్టండి. థాయ్‌లాండ్‌లో సాల్వీన్ నది పరీవాహకంలో కొన్ని గ్రామాలు తమ ఏటిలో కొంత భాగంలో అసలు వేట వద్దనుకుని, మిగతా చోట్ల మామూలుగా పట్టుకుంటున్నాయి. 2020లో అచ్చయిన పరిశోధనలో ఆ ఆపిన చోట్ల ఉన్న చేపల మొత్తం బరువు, వేట సాగే చోట్ల కంటే చాలా రెట్లు ఎక్కువని తేలింది. మడుగుని మీరు ఎంచొద్దు. అక్కడ పట్టేవాళ్ళు ఎంచాలి. అది నలుగురి కళ్ళ ముందు ఉండాలి, లేకపోతే రాత్రిపూట ఖాళీ అవుతుంది. ఒడ్డున చిన్న చేపలూ నత్తలూ ఏరుకునేవాళ్ళని పిలవడం మర్చిపోతారు చాలామంది, నిషేధం దెబ్బ ముందు వాళ్ళకే తగులుతుంది. ఇంకోటి, రాత్రి వల వేసేవాళ్ళు పొద్దున పదకొండుకి నిద్రలో ఉంటారు. మీటింగు ఏ టైముకి పెడుతున్నారో చూసుకోండి.