సమస్యాపూరణం (పూరించేవాళ్లవి కలంపేర్లు): "దీప మారినపుడె తీర మెఱిఁగె"

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాం. దీపం ఆరితే తీరం కనబడకుండా పోవాలి. ఇక్కడ ఆరాకే తెలిసిందట. ఆ చిక్కును సముద్రం మీద నడిచే సస్పెన్స్ నవలలో విప్పాలి. స్థలం మన విశాఖే, డాల్ఫిన్ నోస్ కొండ నుంచి భీమిలి దాకా. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి, నాలుగో గణం మొదటి అక్షరానికి. ఇచ్చిన పాదంలో దీ–తీ. చదివేది ఊరివాళ్లే గనక గాలి, నీరు, దీపం సంగతి తప్పు రాస్తే గణం తప్పినట్టే లెక్క.

లంగరు:

దొంగదీప మొకఁడు తొట్లకొండ నునిచి
పడవ నీడ్చె రాళ్ల బాటలోకి;
మంట వెనుక కొండ మఱుఁగుపడియె, వాఁడు
దీప మారినపుడె తీర మెఱిఁగె.

తెరచాప: తొట్లకొండను ఎంచుకోవడం బాగుంది. కింద మంగమారిపేట దగ్గర రాళ్లున్నాయి, శిలాతోరణమూ అక్కడే. ఎత్తూ చాలు: 100 మీటర్ల ఎత్తున పెట్టిన దీపానికి, పడవలో 4 మీటర్ల ఎత్తునున్న కంటికి మధ్య సుమారు 25 నాటికల్ మైళ్ల వరకు భూమి వంపు అడ్డు రాదు. కానీ పడవ నడిపే సరంగు మోసపోవడమే నమ్మబుద్ధి కావడం లేదు. లైట్‌హౌసు దీపం కదలకుండా వెలగదు. దేని మెరుపుల లెక్క దానిదే, సెకన్లు లెక్కపెట్టి అది ఏ ఊరి దీపమో చెప్పేస్తారు. డాల్ఫిన్ నోస్ మీద 1957 నుంచి దీపం ఉంది. అందుకని కథాకాలం వెనక్కి జరపండి, లేదా దొంగ చేతికి ఒక పలక ఇచ్చి ఆ లెక్క ప్రకారం మూస్తూ తీస్తూ ఉండమనండి. జీపీఎస్ ఉన్న పడవైతే అసలు కథే లేదు.

అసలు దెబ్బ 'ఆరినపుడె' దగ్గర. వెలుగు చూసిన కన్ను చీకటికి పూర్తిగా అలవాటుపడాలంటే 20–30 నిమిషాలు పడుతుంది. అందుకే ఓడ నడిపేచోట రాత్రి తెల్లదీపం పెట్టరు, ఎర్రదే. మంట ఆరిన క్షణాన మీవాడికి కొండ కాదు, తన చెయ్యే కనబడదు.

ఉప్పుగాలి: అయితే కన్నును వదిలేద్దాం.

చేప కంపు గాలిఁ జేరె ముక్కు కపుడు,
అలల హోరు తెలిపె నచట రాళ్లు;
కనులు తోడు రాని కటిక చీఁకటి వేళ
దీప మారినపుడె తీర మెఱిఁగె.

తెరచాప: ఇది నిలుస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లబడి గాలి ఒడ్డు నుంచి సముద్రం మీదికి వీస్తుంది, ఎండుచేపల కంపు పడవదాకా రావడం నిజమే. నైరుతి రుతుపవనాల రోజుల్లో మాత్రం ఈ లెక్క చెడుతుంది. చలికాలం రాత్రి అనుకోవాలి. ఇంకోటి, ఇంజను ఆపితే తప్ప హోరు వినబడదు. ఆ ఆపడం పద్యంలో లేదు, ముందు వచనంలోనైనా పెట్టండి.

నిర్వాహకుడు: 'తెలిపె నచట'లో యతి అచటలోని అకారానికి. సరే.

కొత్తపుట:

నవల చదువుచుండ నడిరేయి విద్యుత్తు
పోవఁ జెవికి హోరు పుటలు దాటె;
కథలఁ గన్న కడలి గడప చెంతన యని
దీప మారినపుడె తీర మెఱిఁగె.

లంగరు: సరంగును పక్కనపెట్టి పాఠకుణ్ణి పట్టుకోవడం మంచి ఎత్తు. సొంత ఊరి నవలలోని రుచి ఇదే, పుట మూసినా స్థలం మూతపడదు. 'పుటలు దాటె' హాయిగా ఉంది. అయితే ఈ పద్యం పూరీలోనూ చెల్లుతుంది, చెన్నైలోనూ చెల్లుతుంది. ఒక్క పేరైనా పడితే మనదయ్యేది.

గాలిపటం:

మార్గశిరపు నీట మన విశాఖ నుండి
పీప తేలి వచ్చె భీమిలికిని;
దాని మీఁది వెల్గు దవులఁ గను సరంగు
దీప మారినపుడె తీర మెఱిఁగె.

నిర్వాహకుడు: మొదటి పాదంలో 'మన విశా' నగం (మూడు లఘువులు, ఒక గురువు), బాగుంది. తర్వాత ఇంద్రగణం రావలసినచోట 'ఖ నుండి' జగణమైపోయింది (లఘువు, గురువు, లఘువు), ఇంద్రగణాల్లో దానికి చోటు లేదు. పీపాను పీప అని కుదించడం పంటికింద రాయి.

తెరచాప: గణం కన్నా నీరు ఎక్కువ తప్పింది. మన తీరం వెంట నీటివాలు ఏడాదికి రెండుసార్లు తిరుగుతుంది. ఫిబ్రవరి నుంచి ఎండాకాలమంతా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. మార్గశిరంలో విశాఖలో వదిలిన పీపా భీమిలికి చేరదు. భీమిలిలో వదిలితే విశాఖ వైపు వస్తుంది. సస్పెన్స్ నవలలో శవం ఎక్కడ తేలిందన్నది కూడా ఇలాగే తేల్చాలి.

గాలిపటం: దిక్కు తిప్పితే గణమూ కుదిరింది.

మార్గశిరపు నీట మన విశాఖ దెసకు
పీప తేలి వచ్చె భీమిలి విడి;

మిగతాది పైదే. దీపం పీపాకు కట్టిన లాంతరు. అలలు విరిగేచోట మునిగి ఆరింది. అంటే ఒడ్డు అక్కడే అని సరంగుకు తెలిసింది.

తెరచాప: అదీ పూరణ! ఆరడమే ఆనవాలైంది. మీటరు ఎత్తు అల ఇంచుమించు 1.3 మీటర్ల లోతులో విరుగుతుంది. మీ పడవ అడుగు నీళ్లలో అంతకంటే లోతుకు దిగేదైతే, లాంతరు ఆరిన చోటు కంటే చాలా ముందే చుక్కాని తిప్పించండి.