గోడ హ్యాండ్‌బాల్: పిల్లలకు ముందు నీలం బంతా, చిన్న బంతా?

క్వీన్స్ నాన్న:
మా బాబుకి పదకొండేళ్లు. ఇక్కడ న్యూయార్క్‌లో, ఇంటి దగ్గరి పార్కులో హ్యాండ్‌బాల్ మొదలుపెట్టాడు. అక్కడ పిల్లలందరూ రాకెట్‌బాల్‌కి వాడే నీలం బంతితోనే ఆడుతున్నారు. ఒక పెద్దాయన మాత్రం గట్టి చిన్న బంతితో మొదలుపెట్టమన్నారు, లేకపోతే తర్వాత అలవాటు మారదట. ఆట తెలియనివారికి: ఒక్కటే గోడ, 20 అడుగుల వెడల్పు, 16 అడుగుల ఎత్తు. కోర్టు పొడవు 34 అడుగులు. చేత్తో గోడకు కొట్టిన బంతిని ఎదుటివాళ్లు గాల్లోనో, ఒక్కసారి నేలను తాకాకో మళ్లీ గోడకు కొట్టాలి. సర్వీస్ మనదైతేనే పాయింటు. 21కి గేమ్. మీరైతే ఏ బంతి ఇస్తారు?

ఎడమచెయ్యి:
చిన్న బంతే ఇవ్వండి. పెద్దగా కనిపించే నీలం బంతి సుమారు 40 గ్రాములే, చిన్నది దాదాపు 65. తేలికైన బంతి ఎత్తుగా లేచి నెమ్మదిగా దిగుతుంది. ఈలోపు పిల్లాడు పక్కకు జరిగి కుడిచేత్తో కొట్టేస్తాడు. టెన్నిస్‌లోలా ఇక్కడ బ్యాక్‌హ్యాండ్ లేదు. ఎడమవైపు వచ్చిన బంతి ఎడమచేతిదే. చిన్న బంతి అలా జరిగే టైమ్ ఇవ్వదు, అందుకే ఎడమచెయ్యి తప్పనిసరిగా పని నేర్చుకుంటుంది. నీలం బంతితో పెరిగి, ఎడమచెయ్యి ఊరికే వేలాడేసుకుని ఆడే కుర్రాళ్లను మా పార్కులో రోజూ చూస్తున్నాను. బాధేస్తుంది.

బ్రూక్లిన్ వదిన:
మీ మాటతో నేను ఏకీభవించనండి. అరచేయి వాచిన పిల్లవాడు ఎడమచెయ్యి నేర్చుకోడు, రెండు చేతులూ వెనక్కి లాక్కుంటాడు. నొప్పి భయం ఒకసారి పట్టుకుంటే బంతి తగిలే క్షణంలో మణికట్టు బిగిసిపోతుంది. దాన్ని వదిలించడం చాలా కష్టం. పైగా చిన్న బంతికి గ్లోవ్స్ కావాలి. ఈ ఊళ్లో 2,000కు పైగా పబ్లిక్ హ్యాండ్‌బాల్ కోర్టులున్నాయి, జేబులో బంతి ఉంటే చాలు, అడిగితే ఎవరైనా ఆడతారు. కోనీ ఐలాండ్ బీచ్‌లో మొదలైన ఈ ఆట అలాగే, ఖర్చు లేకుండా పెరిగింది. చిన్న బంతి పట్టుకెళ్తే బాబు ఎవరితో ఆడతాడు? పక్కన పిల్లలు లేని ఆట వారంలో మానేస్తాడు.

ఎడమచెయ్యి:
జోడీ దొరకదన్న మాట నిజమే వదినగారూ, దానికి నా దగ్గర జవాబు లేదు. నొప్పి విషయం మాత్రం ఒప్పుకోను. బంతి అరచేతి మధ్యలో కాదు, వేళ్ల మొదళ్ల దగ్గర తగలాలి. చెయ్యి కొద్దిగా దోసిలిలా వంచి, భుజం నుంచి విసిరినట్టు కొడితే నొప్పి బాగా తగ్గుతుంది. నీలం బంతి తప్పుగా తగిలినా నొప్పి ఉండదు, అందుకే ఆ తప్పు ఎన్నేళ్లయినా బయటపడదు. ఇక గ్లోవ్స్ ఒక్కసారి కొనేవే కదా.

చలి పార్కు:
ఒక చిన్న మాట. చలిలో చిన్న బంతి రాయిలా ఉంటుంది, సరిగా లేవదు. నవంబరు నుంచి మార్చి దాకా పిల్లలకు వద్దు. ఆడాలనుకుంటే కాసేపు జేబులో పెట్టి వెచ్చబడ్డాక ఆడండి.

బ్రూక్లిన్ వదిన:
క్వీన్స్ నాన్నగారూ, నీలం బంతితోనే ఉంచి నియమం మార్చి చూడండి. మా పాపతో అలాగే చేశాను: ఏడు పాయింట్ల ఆట, ఎడమచేత్తో కొట్టిందే చెల్లుతుంది. మొదట ఏడ్చింది. తర్వాత గోడ అడుగున తగిలి లేవకుండా దొర్లిపోయే షాట్ ఎడమచేత్తో పడిన రోజు కోర్టంతా గెంతింది. అది వచ్చాకే చిన్న బంతి ఇచ్చాను.

ఎడమచెయ్యి:
ఎడమచేతి ఆట మంచి పద్ధతి, నేనూ పెడతాను. కానీ చిన్న బంతితోనే. మీ పాపకు అమ్మ పక్కనే నిలబడి నియమం పాటించేలా చూసింది. పార్కులో ఒంటరిగా ఆడే పిల్లలకు ఆ పని బంతి ఒక్కటే చేయగలదు.

క్వీన్స్ నాన్న:
సాయంత్రాలు నేను వాడి పక్కన ఉండగలను. కాబట్టి ఈ వేసవికి నీలం బంతి, ఎడమచేతి ఆట. గ్లోవ్స్ పదకొండేళ్ల చేతికి ఏ సైజు సరిపోతుందో కూడా చెప్పండి, కొని ఉంచుతాను.