కార్తీక వనభోజనం, ఫారెస్ట్ పార్క్ నడక: ఇంకా 10 రోజులే
(ఒరెగన్‌లోని పోర్ట్‌లాండ్‌లో మన అసోసియేషన్ గ్రూపు చాట్. పేర్ల బదులు ఎవరుండే ఊరు పేరు వాళ్ళది.)

బెథనీ, బుధవారం రాత్రి 9:10
షీట్‌లో 14 పనులున్నాయి, అయిదింటికి పేర్లు లేవు. బ్యానర్, నంబర్ స్టిక్కర్లు, టీ ఫ్లాస్కులు... దయచేసి రాయండి. ఇప్పటికి 112 మంది.

బెథనీ, గురువారం మధ్యాహ్నం 1:25
నడకకు పర్మిట్ ఇవ్వలేమని పార్క్ వాళ్ళ మెయిల్ వచ్చింది. ఇంతమంది ఒకేసారి లోయర్ మెక్లే ప్రవేశం దగ్గర దిగితే పార్కింగ్ చాలదట, వాగు పక్క దారి ఇరుకట. భోజనాలూ కుదరవట.

టిగార్డ్, 1:40
సెప్టెంబర్‌లోనే అప్లై చేద్దామన్నాను. ‘ఇంకా టైముంది’ అన్నదెవరో గుర్తుందా?

బెథనీ, 1:52
గుర్తుంది. హెడ్‌కౌంట్ చెప్పకుండా మూడు వారాలు నాన్చిందెవరో కూడా గుర్తుంది.

ఒరెన్కో, 2:05
ఎందుకండీ గొడవ. పదేసి మందిగా, 20 నిమిషాల తేడాతో వెళ్దాం. ఎవరికి తెలుస్తుంది?

టిగార్డ్, 2:11
తెలుస్తుంది. అందరికీ ఒకే రంగు టీషర్టులు కుట్టించి మరీ దొంగచాటుగా వెళ్తామా? వచ్చే ఏడు మళ్ళీ వాళ్ళనే అడగాలి. నేను రాను.

బీవర్టన్, 4:30
మీ పంచాయితీ తేలేలోపు నా చింతపండు నానిపోతుంది. భోజనం ఎక్కడో అది చెప్పండి ముందు. ఉసిరి చెట్టు ఎలాగూ లేదు, అక్కడ ఎక్కువున్నవి డగ్లస్ ఫర్ చెట్లే. పోయినేడు ఫ్రోజెన్ ఉసిరికాయలు పళ్ళెంలో పోసి దండం పెట్టుకున్నాం. ఈసారి అడవి కూడా లేదా?

ఒరెన్కో, రాత్రి 8:40
మధ్యాహ్నం నేనన్నది తప్పే, వదిలేయండి. ఇంకో మాట. ఫారెస్ట్ పార్క్ గుండా పోయే వైల్డ్‌వుడ్ ట్రైల్ 30 మైళ్ళుంది, మనం లోయర్ మెక్లేనే పట్టుకుని కూర్చున్నాం. దక్షిణం కొస వాషింగ్టన్ పార్క్‌లో, జూ దగ్గరే మొదలవుతుంది. మ్యాక్స్ బ్లూ లైన్ రైలు ఎక్కితే నేరుగా అక్కడే దిగుతాం, పార్కింగ్ బాధే లేదు. స్టేషన్ 260 అడుగుల లోతున ఉంటుంది, పిల్లలకు ఆ లిఫ్టే పెద్ద సంబరం. పైకొస్తే హోయ్ట్ ఆర్బొరీటమ్ అనే చెట్ల తోట, రెడ్‌వుడ్ చెట్ల మధ్య చెక్క డెక్. పావు మైలుకొకసారి చెట్టుకు నీలం గుర్తు, మైలు అంకెతో సహా, కాబట్టి ఎవరూ తప్పిపోరు. బర్న్‌సైడ్ రోడ్డు మీద 2019లో నడకదారి వంతెన వచ్చింది. అంతకుముందు కార్ల మధ్య గుండె చేత్తో పట్టుకుని దాటేవాణ్ణి. ఓపికున్నవాళ్ళు వంతెన దాటి కొండ మీది పాత బంగళా పిట్టాక్ మాన్షన్ దాకా ఎక్కొచ్చు, లేనివాళ్ళు డెక్ నుంచే వెనక్కి.
అసోసియేషన్ నడక అని మాత్రం వద్దు. శని, ఆదివారాల్లో ఎవరింటివాళ్ళు వాళ్ళ వీలును బట్టి వెళ్ళొస్తారు.

బెథనీ, 9:15
భోజనం శనివారం ఒంటిగంటకు మా గరాజ్‌లో. కార్లు బయట పెట్టేస్తాం. రెండు బంతులు వేస్తే సరిపోతుంది. సన్‌సెట్ ట్రాన్సిట్ సెంటర్ స్టేషన్ మాకు దగ్గరే, అక్కడ దిగినవాళ్ళను నేను తీసుకొస్తాను. కేటరర్ అడ్రస్ మారిస్తే చాలన్నాడు.

టిగార్డ్, 9:32
మధ్యాహ్నం మాట తూలాను, ఏమీ అనుకోకండి. మడత కుర్చీలు 40 నా దగ్గరున్నాయి, శుక్రవారం రాత్రే దింపేస్తాను.

బెథనీ, 9:34
నేనూ తక్కువ అనలేదు లెండి. వ్యాన్ వెనక్కి పెట్టండి, వాకిట్లో పూలకుండీలున్నాయి.

ఒరెన్కో, ఆదివారం ఉదయం 11:20
ఇప్పుడే వెళ్ళొచ్చాను. మేపుల్ ఆకులు తడిసి దారంతా పరుచుకున్నాయి, కింద వేరున్నట్టు కనబడదు. డెక్‌కి కాస్త ముందు మలుపులో జారి మోకాలి దాకా బురద పూసుకున్నాను. చీరలు కట్టుకునే అమ్మమ్మలు డెక్ దాటి వెళ్ళొద్దు. అందరికీ పట్టున్న షూలు కావాలి, పాంటు ఇంకోటి సంచిలో. 4:45కే చీకటి పడుతోంది, భోజనం చేసి బయలుదేరదాం అనుకునేవాళ్ళు ఆదివారం వెళ్ళండి.

హిల్స్‌బరో, మధ్యాహ్నం 12:05
నేను గ్రూపుకి కొత్త. షీట్‌లో నంబర్ స్టిక్కర్లు ఖాళీగా ఉన్నాయి, నేను చేయనా?

బీవర్టన్, 12:09
స్టిక్కర్లు ఎందుకమ్మా ఇప్పుడు. అరిటాకులు ఎక్కడైనా దొరుకుతాయేమో కనుక్కో.