కాస్టిక్ సోడాలో వేస్తే క్రాంక్ కేస్ నల్లబడిపోయింది, మిగతా సగం ఎలా కడగాలి?

పర్లాకిమిడి బుల్లెట్:
నాన్నగారి పాత బుల్లెట్, కాస్ట్ ఐరన్ సిలిండరున్న ఇంజన్, 1994 మోడల్. ఇంజన్ మొత్తం విప్పించాను. మెకానిక్ దగ్గర పనిచేసే కుర్రాడు "తెల్లగా మెరిసిపోద్ది అన్నా" అని కాస్టిక్ సోడా వేణ్నీళ్ళలో కలిపి క్రాంక్ కేస్ (క్రాంక్ తిరిగే అల్యూమినియం డొల్ల) ఒక సగం అందులో ముంచేశాడు. నురగలు పొంగాయి, అయిదు నిమిషాల్లో తీస్తే బొగ్గులా ఉంది. మెకానిక్‌ని అడిగితే "హెబ, హెబ" అంటాడు (ఒడియాలో "అవుతుందిలే" అని), ఆయన అన్నిటికీ అదే అంటాడు. నాకు మాత్రం నిద్ర లేదు. ఇది పాడైనట్టేనా? రెండో సగం ఇంకా జిడ్డుతోనే ఉంది, ముట్టుకోనివ్వలేదు. పాతపట్నంలో శాండ్ బ్లాస్టింగ్ చేసేవాళ్ళున్నారట, ఇచ్చేయనా?

రాయగడ లేత్:
బ్లాస్టింగ్‌కి మాత్రం ఇవ్వకండి, మిగతాది తర్వాత మాట్లాడదాం. పాత బుల్లెట్‌కి ఆయిల్ ట్యాంకు కూడా ఆ కేస్‌లోనే పోతపోసి ఉంటుంది. ఆయిల్ దారుల్లో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా తిన్నగా కనెక్టింగ్ రాడ్ కింది చివరుండే బిగ్ ఎండ్‌కే పోతుంది. మీ మోడల్‌కి అక్కడ రోలర్లు కాదు, ఫ్లోటింగ్ బుష్ (వదులుగా తిరిగే లోహపు గొట్టం) ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. నా దగ్గరికి అలా బ్లాస్టింగ్ చేయించి తెచ్చిన ఇంజన్ ఒకటి వచ్చింది, మూడుసార్లు కడిగాం, నాలుగోసారి కూడా ఇసుక రాలింది.

ఇక కాస్టిక్ సంగతి. అది అల్యూమినియంని తినేస్తుంది, ఆ నురగ హైడ్రోజన్, పక్కన బీడీ వెలిగించే పని కాదు. పోతలో కలిసిన సిలికాన్‌ని అది కరిగించలేదు, అదే నల్ల పొడిలా పైన మిగిలిపోతుంది. ధారగా నీళ్ళు పోస్తూ నైలాన్ బ్రష్‌తో రుద్దండి, మూలల్లో కాస్టిక్ మిగిలితే తింటూనే ఉంటుంది. రంగు గురించి బెంగ పెట్టుకోకండి, బేరింగ్ బిగుసుకుని కూర్చునే చోటు, అదే బేరింగ్ సీటు, చూసుకోండి. కేస్ చల్లగా ఉండగా కొత్త బేరింగ్ చేత్తో నొక్కితే దిగిపోయిందంటే సీటు పోయినట్టే.

గుణుపురం కుర్రాడు:
నల్లబడిన అల్యూమినియం గిన్నెలో చారు కాస్తే లోపల తెల్లబడుతుంది కదా, అదే పద్ధతి. గోరువెచ్చని నీళ్ళలో నిమ్మఉప్పు కలిపి బ్రష్‌తో రుద్ది వెంటనే కడిగేయండి. కొంత వదులుతుంది, మొత్తం పోదు. రాత్రంతా నానబెట్టకండి బాబూ.

రాయగడ లేత్:
తమ్ముడు చెప్పింది సరే. రెండో సగానికి డీజిల్, పెయింట్ బ్రష్ చాలు. ముందు జిడ్డు నాననివ్వండి, తర్వాత అంట్లు తోమే సబ్బు వేసిన వేణ్నీళ్ళు, ఆపైన పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి. పాత ప్యాకింగ్, అనాబాండ్ (అతుకుల్లో పూసే సీలెంట్ జిగురు) మీద థిన్నర్ తడిపిన గుడ్డ కాసేపు పరిచి వెదురు బద్దతో గీకండి. స్క్రూడ్రైవర్, ఎమిరీ పేపర్ ముట్టుకోవద్దు, రెండు సగాలు కలిసే అంచు మీద గీత పడితే అక్కడ్నుంచే ఆయిల్ కారుతుంది, ఎంత అనాబాండ్ పూసినా అంతే. బఫింగ్ (యంత్రంతో మెరుగు పెట్టడం) టైమింగ్ కవర్ వరకే. గరుకు పోత గరుకుగానే బాగుంటుంది, కొందరు దాన్ని కూడా అద్దంలా చేస్తారు, నాకు నచ్చదు.

పర్లాకిమిడి బుల్లెట్:
ఆయిల్ దారుల లోపల శుభ్రమైందో లేదో ఎలా తెలుస్తుంది?

బరంపురం మామ:
ఆయిల్ దారుల ప్లగ్గులన్నీ విప్పేసి, ఇంజెక్షన్ సిరంజితో ఒక రంధ్రంలోంచి డీజిల్ కొట్టు, రెండో వైపు తెల్లగుడ్డ పట్టు. గుడ్డ మీద మరక పడనంతవరకూ కొట్టు. నేను పద్దెనిమిది సిరంజిలు కొట్టాను, లెక్కపెట్టాను కూడా, మీ అత్త తిడుతూనే ఉంది.

పర్లాకిమిడి బుల్లెట్:
చేశాను మామా. మొదటి నాలుగు సిరంజిలకి చుక్క కూడా దిగలేదు, అయిదోదానికి గట్టిగా నొక్కితే కందిగింజంత పాత అనాబాండ్ ముక్క ఊడి పడింది, వెనకే తారులా నల్లటి ఆయిల్. అంటే ఇన్నాళ్ళూ అది అక్కడే ఉందన్నమాట. నిమ్మఉప్పుతో నల్లది బూడిదరంగుకి వచ్చింది. బేరింగ్ చల్ల కేస్‌లో దిగట్లేదు. స్టవ్ మీద, నీటి చుక్క వేస్తే చుయ్‌మనేంత వేడి చేస్తే దానంతటదే జారి కూర్చుంది. మెకానిక్ చూసి "హెబ" అన్నాడు.