స్టీలు మనిషి బొమ్మ కొనాలి, సముద్రపు గాలికి ఆగుతుందా?

ప్రశ్న
అమ్మకానికి వచ్చిన బొమ్మ: నడుస్తున్న మనిషి, 6 అడుగుల ఎత్తు, 14 గేజ్ స్టెయిన్‌లెస్ రేకు ముక్కలు అతికి చేసింది, లోపల డొల్ల. 304 గ్రేడని అయస్కాంతం పెట్టి చూపించారు. 3,20,000 చెప్తున్నారు. పెట్టేది విశాఖ లాసన్స్ బే కాలనీలో, సముద్రం దగ్గర, డాబా మీద. అడ్వాన్స్ ఇచ్చేముందు ఏం చూడాలి?

జవాబు 1
అయస్కాంతంతో గ్రేడు తేలదండీ. 304కీ, 316కీ, నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన 202కీ దాదాపు ఒకేలా అంటకుండా ఉంటుంది. పైగా రేకును బాగా వంచిన మోచేతుల దగ్గర అసలైన 304 కూడా కొంచెం లాగుతుంది. పీఎంఐ గన్‌తో (లోహంలో ఏది ఎంత శాతం ఉందో చూపే చేతి యంత్రం) టెస్ట్ చేయించమనండి, బొమ్మకి గీత కూడా పడదు. నికెల్ 8, క్రోమియం 18 శాతం చుట్టూ ఉంటే 304. వాటితో పాటు మాలిబ్డినం 2 దాటితే 316. రేకు మీదొకటి, అతుకు మీదొకటి తీయించండి.

సముద్రం అంత దగ్గరైతే 316ఎల్ (కార్బన్ తగ్గించిన 316) తప్ప వేరేది డాబా మీద పెట్టకండి. 304 మీద కొన్ని నెలలకే టీ చారల్లా గోధుమ మరకలు దిగుతాయి, తర్వాత సన్నటి గుంటలు. ముందు పాడయ్యేది వాన కడిగే భుజాలు కావు, ఉప్పు పేరుకునే చంకలు, గడ్డం కింద. గరుకు ఫినిష్ కంటే అద్దం పాలిష్ నయం.

జవాబు 2
పై మాటకి జత: లోపలి అస్థిపంజరం దేనితో చేశారో అడగండి. మైల్డ్ స్టీలు (మామూలు ఇనుము) చువ్వలైతే పైన 316 ఉన్నా లాభం లేదు, అతుకుల్లోంచి తుప్పు నీరు కారుతుంది. మడమ దగ్గర 8 ఎంఎం చిల్లు ఉండాలి. లోపల చేరిన తేమ పోయేది అందులోంచే, చూసే కెమెరా దూరేదీ అందులోంచే. ఆర్గాన్ వెల్డింగ్ పక్కన నీలం, గోధుమ రంగు మిగిలిందంటే పికిలింగ్ (యాసిడ్‌తో అతుకు శుభ్రం చేయడం) చేయలేదని అర్థం, మరక మొదలయ్యేది అక్కడే. మైల్డ్ స్టీలు కోసిన డిస్కుతోనే దీన్ని రుద్దినా అంతే.

ధర సంగతి: 14 గేజ్ అంటే సుమారు 2 ఎంఎం, ఆ రేకు చదరపు మీటరుకి 16 కిలోలు. ఆ ఎత్తు మనిషి ఒంటికి సుమారు 2 చదరపు మీటర్లు, అంటే 32 కిలోలు. మీరిచ్చేది చేతిపనికి, లోహానికి కాదు. తూకంలో పై రేకు ఒక్కటే 20 కిలోలు దాటకపోతే మాత్రం గేజ్ అబద్ధం.

జవాబు 3
మాస్టారూ, గాలి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఐఎస్ 875 (కట్టడాల మీద పడే బరువులకి, గాలికి భారతీయ ప్రమాణం) ప్రకారం విశాఖకి లెక్కగట్టాల్సిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. హుద్‌హుద్ చూసిన ఊరికి వేరే చెప్పాలా! ఆ వేగానికి చదరపు మీటరుకి 150 కిలోల తోపుడు. బొమ్మ ముందు భాగం 0.6 చదరపు మీటరు ఉన్నా నడుం ఎత్తున 90 కిలోలు. అడుగు ప్లేటుతో కలిపి 60 కిలోల బొమ్మ అర మీటరు ప్లేటు మీద ఊరికే నిలబడదు.

నాలుగు 12 ఎంఎం 316 బోల్టులు, కెమికల్ యాంకర్ (చిల్లులో బోల్టుని పట్టి ఉంచే జిగురు) చాలు. చిక్కు లోతుతోనే: దానికి 110 ఎంఎం కావాలి, డాబా స్లాబు 5 అంగుళాలే, అంటే 127 ఎంఎం, అడుగున మిగిలేది 17. స్లాబులో కొడితే వాటర్‌ప్రూఫింగ్ పోయి కింద గదిలో కారుతుంది. బీము మీద కమ్మీలు కట్టి దిమ్మ పోయించి, అందులో దింపండి. చీలమండ అతుకులు చేత్తో ఊపి చూడండి, నడిచే భంగిమలో ముందు పగిలేవి అవే.

అడిగినవారు
పీఎంఐలో 304 అనే వస్తే హాల్లో పెట్టుకోవచ్చా?

జవాబు 1
నిక్షేపంగా. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. బాత్రూం యాసిడ్ మాత్రం దరిదాపులకి రానివ్వకండి. బేరం మాత్రం 304 ధరకే ఆడండి.